చీమ ఎటు పోతోందని అడిగే మా సార్

మాకు జావా నేర్పిన సార్ పోయారు. మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో డబ్బా మూత తీస్తుండగా మేడం ఫోన్ చేశారు. మేడం అంటే సార్ భార్య. మామూలుగా ఆమె ఫోన్ చేస్తే మొదటి మాట "తిన్నవా బిడ్డా?" అనే ఉంటుంది. ఆ రోజు అది అడగలేదు. "సార్ పొద్దుగాల దవాఖానల పోయిండమ్మా. ఇంటికి తీస్కొస్తున్నం. నువ్వు రా" అన్నారు. నేను ఏం జవాబు చెప్పానో గుర్తులేదు. డబ్బా మూత మళ్ళీ పెట్టేసి, కిందికి దిగి, బైక్ టాక్సీ ఎక్కాను. గచ్చిబౌలి నుంచి నిజాంపేట దాకా హెల్మెట్ లోపల ఏడుస్తూనే ఉన్నాను. బండి నడిపే ఆయన ఒకచోట పక్కకు ఆపి, "అమ్మా, జర నీళ్ళు తాగు" అని తన సీసా ఇచ్చాడు.

మీలో చాలామందికి సార్ తెలియరు. పెద్ద కాలేజీలో చెప్పినవారు కాదు, పుస్తకాలు రాసినవారు కాదు. నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో, తమ ఇంటి ముందు గదిలో కూర్చుని, హాస్టళ్ళలో ఉండే మాలాంటివాళ్ళకు ప్రోగ్రాములు రాయడం నేర్పేవారు. ఆయనకు చూపు లేదు. చూపు లేని మనిషి కంప్యూటర్ తెర మీద తప్పులు ఎలా పట్టుకుంటారని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది.

మాది కడప జిల్లా. ఇంజనీరింగ్ అయ్యాక ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి నిజాంపేటలో ఒక ఆడపిల్లల హాస్టల్లో చేరాను. ఎక్కడికి వెళ్ళినా మొదటి పరీక్ష గట్టెక్కేదాన్ని. ఎదురుగా కూర్చోబెట్టి ప్రోగ్రాం రాయమనేసరికి రాసిందే కొట్టేసి మళ్ళీ మళ్ళీ రాసేదాన్ని. రాసింది నడిచేది కాదు. ఎందుకు నడవలేదో చెప్పలేకపోయేదాన్ని. నాయన ఫోన్ చేసినప్పుడల్లా, "ఇంగ వచ్చేయ్ మా. ఈడ ఉండి బ్యాంకు పరీక్షలు రాసుకుందువు" అనేవాడు. ఆయన కోప్పడి అన్నది కాదు. నా గొంతు విని తట్టుకోలేక అన్నాడు. నేను కూడా సంచి సర్దుకోవడానికి దాదాపు సిద్ధమయ్యాను.

ఆ రోజుల్లోనే హాస్టల్ మెట్ల దగ్గర గోడకు ఒక కాగితం కనిపించింది. గుండ్రని చేతిరాతలో, ఒక్క అక్షరం తప్పు లేకుండా ఇలా ఉంది: "జావా నేర్పబడును. మాస్టారికి చూపు లేదు. కోడ్ గట్టిగా చదివి వినిపించగలవారే రావలెను." గదిలో పిల్లలు అది చదివి నవ్వుకున్నారు. ఊరికి వెళ్ళే ముందు చివరి ప్రయత్నంగా నేను వెళ్ళాను.

సార్ కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చేసిన ఫుల్ చేతుల చొక్కా, నలుపు ప్యాంటు, చేతికి గడియారం, అప్పుడే ఆఫీసుకు బయలుదేరబోతున్నట్టు. రోజూ అలాగే తయారయ్యేవారని తర్వాత తెలిసింది. చూడలేని గడియారం ఎందుకు సార్ అని ఒకసారి ఎవరో అడిగితే, "నాకోసం కాదు. ఎవరన్న టైం అడిగితే చెయ్యి చాపుతా. వాళ్ళే చూసుకుంటరు" అన్నారు.

"ఎవరు?" అన్నారు ఆ రోజు నన్ను.

నేను పేరు, ఊరు చెప్పాను.

"గొంతు లోపట్నే ఉన్నది. జర బయటికి తియ్యి. మీ ఊర్ల పొలంల ఉన్నోళ్ళను ఎట్ల పిలుస్తరు? గట్ల పిలువు నన్ను."

నేను కళ్ళు మూసుకుని "సార్!" అని గట్టిగా అరిచాను. వంటింట్లోంచి మేడం నవ్వు వినిపించింది. సార్ తల ఊపి, "ఇగ సరిపోయింది. రేపటి సంది రా" అన్నారు.

తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆయన దగ్గర ఉంది. తన పనికి దాన్నే వాడేవారు. మాకు చెప్పేటప్పుడు మాత్రం ఆపేసేవారు. ఎందుకని అడిగితే, "దానికి తప్పు లైనైనా, మంచి లైనైనా ఒక్క తీరే. ఎక్కడా తడబడదు. మనిషి గట్ల కాదు. తనకు అర్థం కాని కాడ జల్ది జల్ది చదువుతడు. నాకు తప్పు గక్కడ్నే దొరుకుతది" అన్నారు.

ఆయనకు కోడ్ చదివి వినిపించిన మొదటి మనిషి మేడం. ఆమె బడిలో తెలుగు చెబుతారు. జావా అక్షరం ముక్క తెలియదు. చూపు పోయిన కొత్తలో సార్ పాత ప్రోగ్రాములన్నీ ఆమే చదివేవారట, పద్యం చదివినంత శ్రద్ధగా, "ఫ్లవర్ బ్రాకెట్ ఓపెన్, ఫ్లవర్ బ్రాకెట్ క్లోజ్" అంటూ. "అర్థం తెల్వకుండ గింత మంచిగ చదివినోళ్ళను నేను చూడలే" అని సార్ మా ముందే ఆమెను ఆటపట్టించేవారు. ఆమె చేతిలో కూరగాయల కత్తితోనే గుమ్మం దగ్గరికి వచ్చి, "అర్థం తెలిస్తే నీకన్న ముందే తప్పు పట్టుదును" అనేవారు. గోడకు అంటించిన కాగితం రాసింది కూడా ఆమేనని అప్పుడు తెలిసింది.

కాస్త చేయి తిరిగాక సార్ ప్రతి ఒక్కరికీ ఒకే అభ్యాసం ఇచ్చేవారు. దాన్ని మేమంతా చీమ ప్రోగ్రాం అనేవాళ్ళం. తెర మధ్యలో ఒక చుక్క ఉంటుంది. అదే చీమ. అది ఒక్కో అడుగూ పైకో, కిందికో, ఎడమకో, కుడికో వేయాలి. ఎటు వేయాలో ముందే ఎవరికీ తెలియకూడదు. నాలుగు దిక్కులకూ సమానమైన అవకాశం ఉండాలి. వినడానికి ఇంతే. నేను ఒక్క పూటలో రాసేశాను. నడిపి చూస్తే చీమ కాసేపు తచ్చాడి, కింద ఎడమ మూలకు చేరి, అక్కడ గోడకు తల కొట్టుకుంటూ ఉండిపోయింది. మళ్ళీ నడిపాను. మళ్ళీ అదే మూల.

"చీమ ఎటు పోతున్నది?" అని అడిగారు సార్.

"కింద ఎడమ మూలకు సార్."

"ఒక్కసారా, ప్రతిసారా?"

"ప్రతిసారీ ఆడికే పోతాండాది సార్. మధ్యలో కాకుండా కుడి పక్కన మొదలుపెట్టి కూడా చూసినాను. కొంచెం ఆలస్యంగా పోతాండాది, అంతే."

ఆయన నవ్వారు. "చీమను జరిపితే దాని నడక మారుతదా? ఇంకేం చేసినవ్?"

"మూలకు పోయినప్పుడల్లా ఎత్తి మళ్ళా మధ్యలో పెట్టేటట్టు రాసినాను."

"గది దొంగ రిపేరు. తీసెయ్యి. మంచం కింద క్యారమ్ బోర్డు ఉంటది, పట్టుకరా."

బోర్డు తెచ్చి స్టూలు మీద పెట్టాను. చీమ వేసిన అడుగులు తెర మీద వరుసగా అచ్చయ్యేలా చేయించి, ఒక్కొక్కటీ చదువుతూ ఆ ప్రకారం క్యారమ్ బిళ్ళను జరపమన్నారు. ఆయన వేళ్ళు బిళ్ళ మీద తేలికగా ఆనించి ఉంచారు. నేను "కిందికి... ఎడమకి... పైకి... కిందికి... ఎడమకి..." అంటూ జరుపుతున్నాను. ఆయన వేళ్ళు బిళ్ళతో పాటే నెమ్మదిగా జారుతూ, చివరికి బోర్డు మూల చట్రానికి తగిలి ఆగాయి.

నాకు ఏడుపు వచ్చేసింది. "నాకు రాదు సార్. నాకు బుర్ర లేదు. ఊరికి పోతాను."

"పోదువు తియ్యి. ముందు దీన్ని చూద్దాం. ఎటు ఎన్నిసార్లు పోయిందో లెక్క కట్టమను మెషీన్‌ను. మస్తుగ నడిపియ్యి. కొద్దిగ నడిపిస్తే ఏమీ తెల్వదు."

లెక్క కట్టించాను. పైకి పోయింది పావు వంతుకు చాలా దగ్గరగా ఉంది. కిందికి అన్నిటికంటే ఎక్కువ. ఎడమకి పావు కంటే కాస్త ఎక్కువ. కుడికి మరీ తక్కువ, పదో వంతు కూడా లేదు. ఆ అంకెలు చదవగానే సార్ కుర్చీలో ముందుకు జరిగారు. "పైకి పోవుడు మంచిగనే ఉన్నది. అంటే నువ్వు అడిగిన మొదటి ప్రశ్నల తప్పు లేదు. రెండో దాని కాడ్నుంచి గడబిడ అయింది. ఇప్పుడు చదువు. నిమ్మళంగ చదువు."

చదివాను. మొదట మ్యాథ్ డాట్ ర్యాండమ్ పావు కంటే తక్కువైతే పైకి. లేకపోతే, మ్యాథ్ డాట్ ర్యాండమ్ సగం కంటే తక్కువైతే కిందికి. అదీ లేకపోతే, మ్యాథ్ డాట్ ర్యాండమ్ ముప్పావు కంటే తక్కువైతే ఎడమకి. ఏదీ కాకపోతే కుడికి. జావా తెలియనివారికి చెప్పాలంటే, మ్యాథ్ డాట్ ర్యాండమ్ అన్నప్పుడల్లా యంత్రం సున్నాకీ ఒకటికీ మధ్య కొత్త అంకె ఒకటి తీసి ఇస్తుంది. పాచిక వేసినట్టు.

"రెండోది చదివేటప్పుడు ఉరికినవ్" అన్నారు సార్. "మళ్ళ చదువు."

మళ్ళీ చదివాను.

"చీమ ఒక్క అడుగు వేయనీకె పాచిక ఎన్నిసార్లు వేస్తున్నవ్?"

తెర వంక చూశాను. ఆ పేరు మూడు చోట్ల ఉంది. నేను ఒక్కసారే అడుగుతున్నాననుకున్నాను. కాదు. ప్రతి ప్రశ్న దగ్గరా పాత జవాబును పారేసి కొత్త పాచిక వేస్తున్నాను. పైకి పోగా మిగిలినదాంట్లో సగం కింది దిక్కుకే దక్కుతోంది, రావలసిన దానికంటే ఎక్కువ. వరుసలో ఆఖరున నిలబడ్డ కుడి వైపుకు మిగిలిందేదో మిగులుతోంది. "మూడుసార్లు సార్" అన్నాను.

"ఒక్కసారే అడుగు బిడ్డా. వచ్చిన జవాబుకు ఒక పేరు పెట్టి పక్కకు పెట్టుకో. నాలుగు దిక్కులకూ దాన్నే చూపియ్యి."

దిద్దాను. ఒక లైను పెరిగింది, మూడు చోట్ల పేరు మారింది. మళ్ళీ క్యారమ్ బిళ్ళ జరిపాను. ఆయన వేళ్ళు ఈసారి అటు కొంచెం, ఇటు కొంచెం కదిలి, బోర్డు నడిమి వలయం చుట్టుపక్కలే చాలాసేపు తిరిగాయి. సార్ ముఖం మీదికి నెమ్మదిగా నవ్వు వచ్చింది. "ఇప్పుడు నడుస్తున్నది" అన్నారు.

మేడం చాయ్ తెచ్చారు. సార్‌ది చక్కెర లేనిది. అది తాగుతూ ఆయన తన సంగతి చెప్పారు. ఊరికి పోతానని నేనన్న మాట గురించి ఒక్క ముక్క కూడా ఎత్తలేదు.

ఆయన హైటెక్ సిటీలో ఒక కంపెనీలో చాలా ఏళ్ళు పనిచేశారు. మంచి పేరుండేది. ఉన్నట్టుండి పనిలో తప్పులు రావడం మొదలైంది. చుక్క పెట్టాల్సిన చోట కామా, ఎనిమిదికి బదులు మూడు. నిర్లక్ష్యం పెరిగిందని పైవాళ్ళు రెండు మూడుసార్లు అన్నారు. ఆయన అందరికంటే ముందు వెళ్ళి, చేసిందే మళ్ళీ మళ్ళీ సరిచూసుకునేవారు. అయినా తప్పులు దొర్లేవి. "నా దిమాక్ ఖరాబైందనుకున్న. ఎవరికీ చెప్పలే. మీ మేడంకు గూడ చెప్పలే. పిల్లల్లేని ఇల్లు, నా ఒక్కడి పరేషాన్ ఆమెకెందుకనుకున్న. పక్కోళ్ళు నవ్వుతుంటే నన్ను చూసే నవ్వుతున్నరనుకునేది." ఒకరోజు ఆఫీసు మెట్ల మీద ఆఖరి మెట్టు కనపడక పడిపోయారు. దవాఖానలో చూసి, షుగర్ వల్ల కంటి వెనక పొర దెబ్బతిన్నదని, చాలా ఆలస్యమైందని చెప్పారు.

"డాక్టర్ చెప్పంగనే మీ మేడం ఏడ్చింది. నాకు మాత్రం ఫస్టు మనసు తేలికైంది. నేను మొద్దునైపోలే, కండ్లు పోతున్నయ్, గంతే అనుకున్న. ఏడుపు తర్వాత వచ్చింది. మస్తు వచ్చింది."

ఆ సాయంత్రం హాస్టల్‌కు వెళ్ళి నాయనకు ఫోన్ చేసి, ఇంకొన్నాళ్ళు ఉంటానని చెప్పాను. ఆ తర్వాత కూడా ఇంటర్వ్యూలు పోయాయి. కానీ ఎందుకు పోయాయో చెప్పగలిగేదాన్ని. చివరికి గచ్చిబౌలిలో ఒక కంపెనీలో, ఇచ్చిన ప్రోగ్రాంలో తప్పు కనుక్కోమంటే, "గట్టిగా చదువుకోవచ్చా?" అని అడిగాను. ఎదురుగా ఉన్నాయన వింతగా చూసి సరేనన్నారు. ఆ ఉద్యోగంలోనే ఇప్పటికీ ఉన్నాను.

ఉద్యోగం వచ్చాక ఆదివారాలు సార్ దగ్గరికి వెళ్ళేదాన్ని. అప్పటికే ఆయన మూత్రపిండాలు పాడయ్యాయి. వారంలో కొన్ని రోజులు డయాలసిస్ ఉండేది. మేడంకు బడి ఉన్న రోజుల్లో పాత విద్యార్థులం ఎవరో ఒకరం వెంట వెళ్ళేవాళ్ళం. చేతికి గొట్టాలు, పక్కన యంత్రం. రెండో చేతిలో ఫోన్, అందులోంచి ఏదో హాస్టల్ నుంచి ఎవరో పిల్ల "ఫ్లవర్ బ్రాకెట్ ఓపెన్" అంటూ ఉండేది. పక్క మంచాల మీదివాళ్ళు మొదట విసుక్కునేవారు. తర్వాత తర్వాత, "ఏందన్నా, ఇయ్యాల చీమ ఎటు పోతున్నది?" అని వాళ్ళే పలకరించడం మొదలుపెట్టారు.

మా ఆఫీసులో జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. కస్టమర్ల ఫిర్యాదులు అందుకునే చోట నలుగురు పనిచేసేవారు. ఎవరి పక్షమూ వహించకుండా ఏ ఫిర్యాదు ఎవరికి వెళ్ళాలో ప్రోగ్రామే యాదృచ్ఛికంగా తేల్చేది. ఆ నలుగురిలో కాకినాడ వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఉండేవారు. బిడ్డ కాస్త పెద్దదయ్యాక మళ్ళీ ఉద్యోగంలో చేరిన మనిషి. ఎప్పుడు చూసినా ఆవిడ దగ్గరే పని పేరుకుపోయి ఉండేది. మేనేజర్ తెర మీద ఎవరి దగ్గర ఎంత మిగిలిందో కనిపించేది, ఎవరికి ఎంత వచ్చిందో కనిపించేది కాదు. ఆవిణ్ణి తీసేస్తారన్న మాట మెల్లగా బయటికి వచ్చింది. ఒకరోజు వాష్‌రూమ్‌లో ముఖం కడుక్కుంటూ, నేను అడగకుండానే, "నేనే స్లో అండి. ఇన్నేళ్ళు ఇంట్లో ఉండిపోయాను కదండీ, చేతులు తిరగట్లేదు" అన్నారు.

కొన్నాళ్ళకు ఆ ప్రోగ్రాంలో వేరే ఏదో చిన్న మార్పు చేయమని నాకు అప్పగించారు. ఎప్పటిలా ముందు నాలో నేను చదువుకుంటూ పోతున్నాను. ఒకచోట నా గొంతు ఉరికింది. వెనక్కి వచ్చి చదివాను. ఎప్పుడో ఎవరో రాసి వెళ్ళిన కోడ్. ఒక్క ఫిర్యాదు పంచడానికి మూడుసార్లు పాచిక. నాలుగు పేర్ల వరుసలో ఆవిడది రెండో పేరు, నా చీమ ప్రోగ్రాంలో కింది దిక్కు ఉన్న చోటు.

దిద్దాను, మేనేజర్‌కు చూపించాను, ఆయన మెచ్చుకున్నారు. ఆదివారం డయాలసిస్ మంచం పక్కన కూర్చుని సార్‌కు గొప్పగా చెప్పాను.

ఆయన అంతా విని, "ఆమెకు చెప్పినవా?" అన్నారు.

"సరిచేసేసినాను గదా సార్. ఇప్పుడు అందరికీ సమానంగా పోతాండాయి."

"అది మెషీన్‌కు చెప్పినవ్. ఆమెకు చెప్పినవా?"

"లేదు సార్."

"ఇన్ని దినాలు తనను తానే తిట్టుకొని ఉంటది. రేపు పొద్దున పోంగనే చెప్పు. మేనేజర్ ముంగట చెప్పు. ఆమె తప్పు లేదని ఆయన నోటితో చెప్పాలె." ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతు ఎప్పటిలా లేదు. గొట్టాలున్న చెయ్యి కదిలితే నర్సు వచ్చి మందలించింది.

మర్నాడు చెప్పాను. మేనేజర్‌ను కూడా పిలిచాను. ఆవిడ నన్ను కోడ్ చూపించమన్నారు. నేను చూపించిన లైను మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. "అయితే నేను స్లో కాదా అండి?" అన్నారు. మేనేజర్ "కాదమ్మా. మేమే చూసుకోలేదు. సారీ" అన్నారు. ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయారు. "మా అమ్మాయికి హోంవర్క్ చెప్పడం కూడా మానేశానండి. నాకేం వచ్చని చెప్తాను అనుకుని" అన్నారు, కళ్ళు తుడుచుకుంటూ. ఆ మాట సార్‌కు ఫోన్‌లో చెప్పాను. "మంచిది" అని పెట్టేశారు.

సార్ తనకోసం నన్ను ఏదైనా అడిగింది ఒక్కసారే. "ఒక్కసారి నన్ను నా పాత ఆఫీసు కాడికి తీస్కపోతవా? ఆదివారం వద్దు. మంది ఉన్నప్పుడు పోదాం" అన్నారు. సెలవు పెట్టి, మేడంతో కలిసి కారులో తీసుకెళ్ళాను. కిటికీ అద్దం దించి కూర్చుని దారి ఆయనే చెబుతూ వచ్చారు. "మదీనాగూడ దాటినమా? ఇగ కొంచెం పోయినంక పెద్ద సిగ్నల్ పడుతది. గక్కడ మస్తు సేపు ఆగాలె." కారు ఆగలేదు. పైకి ఎక్కింది. ఆయనకు తెలిసింది. "ఎక్కుతున్నమా?" అన్నారు. "ఫ్లైఓవర్ సార్. సిగ్నల్ కింద ఉండిపోయింది" అన్నాను. ఆ తర్వాత ఆయన దారి చెప్పడం మానేశారు.

ఆఫీసు గేటు దగ్గర భోజనాల వేళ. సెక్యూరిటీ ఆయన వచ్చి ఎవరి కోసమని అడిగాడు. "ఎవరి కోసం కాదన్నా. ఇక్కడ పనిచేస్తుంటి" అన్నారు సార్. ఆ మనిషి ఏమనుకున్నాడో, తన కుర్చీ తెచ్చి నీడలో వేశాడు. సార్ కూర్చుని విన్నారు. కార్డులు గీస్తే వచ్చే చప్పుడు, నవ్వులు, ఫోన్లలో మాటలు, బస్సు హారన్లు. "పిల్లలు ఎట్లున్నరు?" అని నన్ను అడిగారు. కనిపించినవాళ్ళందరినీ చెప్పాను. "మెడల కార్డు తాళ్ళు ఏ రంగు?" "నీలం సార్." "మావి గూడ నీలమే ఉండె."

తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఏడ్చారు. నేను చూడటం అదే మొదటిసారి. మేడం చీర కొంగుతో తుడుస్తుంటే, "చూడనీకె పనికిరాకపోయినా, ఏడ్వనీకె మంచిగ పనిచేస్తున్నయ్" అన్నారు. మేడం నవ్వబోయి నవ్వలేకపోయారు.

ఆ తర్వాత ఆయన త్వరగా చిక్కిపోయారు. చొక్కా ఇస్త్రీ మానలేదు గానీ అది భుజాల మీద నిలిచేది కాదు. ఆఖరి ఆదివారం నేను వెళ్ళేసరికి మంచం మీద పడుకుని ఉన్నారు. దిండు పక్కన ఫోన్‌లో ఒక పిల్ల కోడ్ చదువుతోంది. చదువుతూ చదువుతూ ఆపి, "సార్, వింటున్నారా?" అంది. సార్ కళ్ళు మూసుకుని నిద్రపోతున్నారు. మేడం ఫోన్ మీదికి వంగి, "వింటున్నడు బిడ్డా. చదువు" అన్నారు. ఆ పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది. మేమిద్దరం మంచానికి చెరో పక్క కూర్చుని అది అయిపోయేదాకా విన్నాం.

సార్ పోయిన రోజు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, కార్లు పక్కకు జరిపి, ఫ్రీజర్ పెట్టెలో ఆయన్ను పడుకోబెట్టారు. ఇస్త్రీ చొక్కానే వేశారు. గడియారం కూడా తీయలేదు. హాస్టళ్ళ నుంచి పిల్లలు, ఆఫీసుల నుంచి నేరుగా వచ్చిన పాతవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఒక్కొక్కరూ పెట్టె దగ్గరికి వెళ్ళి, అద్దం మీదికి వంగి, ఎవరూ చెప్పకుండానే పైకి పేరు చెబుతున్నారు. "సార్, నేను సార్, వచ్చినాను" అని నేనూ గట్టిగా చెప్పాను. మేడం గోడకు ఆనుకుని కూర్చుని ప్రతి గొంతుకూ తల ఊపుతున్నారు. "విన్నడమ్మా. గా పక్కకు కూసో" అని ఏడ్చేవాళ్ళకు ఆమే ధైర్యం చెబుతున్నారు. ఆమె ఏడవలేదు.

పొద్దు వాలక ముందే పాడె లేపారు. సార్ తమ్ముడు నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. ఆడవాళ్ళం గేటు దాకా వెళ్ళి ఆగాలి. మేడం మాత్రం పాడె కదలగానే లేచి, దాని పక్కగా, సార్ తలకు ఒక్క అడుగు ముందుగా నడవడం మొదలుపెట్టారు. చూపు పోయిన నాటి నుంచీ బయట ఎక్కడికి వెళ్ళినా సార్ చెయ్యి ఆమె ఎడమ భుజం మీదే ఉండేది. ఆయనకు అందాలని ఆమె ఆ భుజం కొంచెం దించి, కొంచెం వెనక్కి పెట్టి నడిచేవారు. ఆ సాయంత్రం సెల్లార్ వాలు ఎక్కుతూ కూడా అలాగే నడిచారు. వెనక్కి తగ్గమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. వాలు ముగిసి రోడ్డు మొదలయ్యే చోట చిన్న గట్టు ఉంది. అక్కడ ఆమె ఒక్క క్షణం ఆగి, తల సగం వెనక్కి తిప్పి, "మెట్టుంది, జర పైలం" అన్నారు.